దుబాయ్‌లో మోనోరైలు, ట్రామ్: అమ్మతో రెండూ ఎక్కి చూశాక

మా మహబూబ్‌నగర్ నుంచి దుబాయ్‌కి పనికి పోయినవాళ్లలో మా తమ్ముడు ఒకడు. అమ్మను తీసుకుని వాడి దగ్గరికి వెళ్లాను. వాడి రూమ్‌లో ముగ్గురికి చోటు లేదు, సముద్రం ఒడ్డున ఉండే మెరీనా ఏరియాలో హోటల్ రేట్లు మాకు అందలేదు. అల్ బర్షాలో మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో గది తీసుకున్నాం. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, మెరీనాకు నేరుగా మెట్రో దొరుకుతుంది. మీరూ అక్కడే చూసుకోండి.

పామ్ జుమైరా అంటే సముద్రంలో ఈతచెట్టు ఆకారంలో కట్టిన దీవి. దాని దగ్గర మోనోరైలు, ట్రామ్ స్టేషన్లు పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకే పూటలో ఎక్కాం.

మోనోరైలు 2009లో మొదలైంది. పొడవు సుమారు ఐదున్నర కిలోమీటర్లు. కాంక్రీటు దూలం మీద రబ్బరు టైర్లతో నడుస్తుంది, డ్రైవర్ ఉండడు. కిటికీలోంచి సముద్రం, ఆ దీవి మీది ఇళ్లు చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం. కానీ టికెట్ ట్రామ్ ఛార్జీకి చాలా రెట్లు. మా పెట్టెలో అందరూ టూరిస్టులే, డ్యూటీకి పోయే మనిషి ఒక్కడూ కనిపించలేదు.

2014లో వచ్చిన ట్రామ్ సంగతి వేరు. అందులో బ్యాగులు తగిలించుకున్న ఉద్యోగులు, పిల్లల తల్లులు. ప్లాట్‌ఫారమ్ అద్దాల తలుపు, ట్రామ్ తలుపు ఒకేసారి తెరుచుకున్నాయి, లోపలి నేల కూడా అదే ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ "కాలెత్తే పనే లేదు బిడ్డా, మంచిగుంది" అంది. పైన కరెంటు తీగలు లేవు. పట్టాల మధ్యలో ఒక పట్టీ ఉంటుంది. ట్రామ్ మీదికొచ్చిన ముక్కకే కరెంటు వస్తుంది, దాటగానే పోతుంది. అందుకే రోడ్డు దాటేవాళ్లకు భయం లేదు. కాకపోతే రోడ్డు మీద నడిచేది కాబట్టి మెట్రో అంత వేగం ఉండదు.

మోనోరైలుకు తక్కువ జాగా చాలు, ఎత్తుపల్లాలు బాగా ఎక్కుతుంది. చైనాలోని చోంగ్‌చింగ్ లాంటి కొండల ఊరికి అందుకే సరిపోయింది. కానీ లైను మార్చాలంటే దూలాన్నే కదపాలి. విడిభాగాలకు ఆ తయారీ కంపెనీ మీదే ఆధారపడాలి. మధ్యలో ఆగితే దిగి నడిచే దారి కూడా చాలాచోట్ల ఉండదు. ముంబైలో 2025 ఆగస్టు వానల్లో జనం ఎక్కువై, ఆ బరువుకు కరెంటు అందక మోనోరైలు ఆగిపోతే ఫైర్ వాళ్లు నిచ్చెనలు వేసి వందలమందిని దించారు. మన పాలమూరోళ్లు ఎందరో బతికే ఊరది. ఆ వార్త చూసి చాలా టెన్షన్ పడ్డాం.

జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు షేర్ ఆటోల్లో ఇరుక్కుని వచ్చే జనాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ ట్రామే గుర్తొస్తోంది. ఎప్పటికైనా ఆ దారికి ఏదో ఒకటి వేస్తే ట్రామే వెయ్యాలి, దూలం కాదు.

వెళ్లేవాళ్లకు ఒక మాట: ట్రామ్‌కు నోల్ కార్డు (దుబాయ్‌లో ప్రయాణాలకు డబ్బులు వేసుకుని వాడే కార్డు) ఎక్కేముందు, దిగాక ప్లాట్‌ఫారమ్ మీదే చూపించాలి. అక్కడ గేట్లు ఆపవు, మనమే గుర్తుపెట్టుకోవాలి. మోనోరైలు ఒక్కసారి ఎక్కండి, అదీ సాయంత్రం ఎండ తగ్గాక.