పనోరమాకి వెళ్ళేవాళ్ళకి: ముందు పాన్‌యార్డ్, తర్వాతే టికెట్

వచ్చే కార్నివాల్ పండగకి కరీబియన్ దీవి ట్రినిడాడ్ వెళ్దామనుకుంటున్నాం, అక్కడి స్టీల్‌పాన్ బ్యాండ్ల పోటీ పనోరమాకి ఏ స్టాండ్ టికెట్ కొంటే బాగుంటుంది అని ఈ నెలలో ముగ్గురు అడిగారు. ముగ్గురికీ ఒకటే చెప్పాను, ఇక్కడా అదే రాస్తున్నాను. టికెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఏదో ఒక పాన్‌యార్డ్‌లో, అంటే బ్యాండ్ సాధన చేసే చోట, రెండు మూడు రాత్రులు కూర్చోండి. అది చూడకుండా తిన్నగా పోటీకి వెళ్తే, పెళ్ళికొడుకెవరో పెళ్ళికూతురెవరో తెలియని పెళ్ళిలో భోజనం చేసి వచ్చినట్టుంటుంది.

మా అక్కావాళ్ళు బావగారి ఉద్యోగం మీద రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఉంటున్నారు. కార్నివాల్ ముందు నేను వాళ్ళింట్లో మూడు వారాలున్నాను. సెమీ ఫైనల్ సవానా మైదానంలో కూర్చుని చూశాను, ఫైనల్ నాటికి తిరిగొచ్చేశాను కాబట్టి దాన్ని ఫోన్‌లో చూశాను. అందుకే ఫైనల్ ఏర్పాట్ల గురించి ఏమీ చెప్పను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం. పాన్, అంటే స్టీల్‌పాన్, ఇనుప నూనె డ్రమ్ముతో చేసే వాద్యం. డ్రమ్ము అడుగుని సుత్తితో కొట్టి కొట్టి పళ్ళెంలా లోపలికి దించుతారు, మళ్ళీ ఆ పళ్ళెంలో ఒక్కో స్వరానికి ఒక్కో చోట చిన్న ఉబ్బు తీస్తారు. రబ్బరు తొడిగిన పొట్టి కర్రలతో వాయిస్తారు. ఇలాంటి పాన్‌లు పట్టుకుని పేటకో జట్టు ఉంటుంది. ఆ జట్ల మధ్య పోటీ పేరే పనోరమా. దేశానికి 1962లో స్వాతంత్ర్యం వచ్చింది, మరుసటి ఏడాది, 1963లో, మొదటి పోటీ జరిగింది. 1979లో బ్యాండ్లే బహిష్కరించాయి, కోవిడ్ వల్ల 2021, 2022ల్లో జరగలేదు. పెద్ద బ్యాండ్ల విభాగంలో ఒక్కో జట్టుకి 120 మంది దాకా ఉంటారు, ఎనిమిది నిమిషాల్లో ఒక కలిప్సో పాటనో సోకా పాటనో తీసుకుని, దాన్ని విప్పి, పెంచి, తిప్పి వాయించాలి. కార్నివాల్ ముందు వచ్చే శనివారం రాత్రి ఫైనల్. ఆ ఎనిమిది నిమిషాల కోసం వారాల తరబడి, రోజూ చీకటి పడ్డాక అర్ధరాత్రి దాటేవరకూ సాధన చేస్తారు. ఆ సాధన జరిగే చోటే పాన్‌యార్డ్.

నేను చేసిన పొరపాటు చెప్తాను, మీరు చెయ్యకండి. వెళ్ళిన కొత్తలో అక్కకి కూడా చెప్పకుండా ఆన్‌లైన్‌లో ఒక ‘పాన్‌యార్డ్ టూర్’ బుక్ చేశాను. వాళ్ళ పేరు రాయను. వ్యాన్‌లో పన్నెండు మందిమి, ఒక్క రాత్రిలో మూడు యార్డ్‌లు, ఒక్కో చోట ఇరవై నిమిషాలు. మూడో చోట, అప్పటిదాకా ముక్కలు ముక్కలుగా నేర్పుతున్న పాటని మొత్తం ఒకసారి వాయిద్దామని అందరూ కర్రలెత్తారు, సరిగ్గా అప్పుడే టైమైపోయింది పదండి అని వ్యాన్ ఎక్కించారు. వ్యాన్ సందు తిరుగుతుంటే వెనక పాట మొదలైంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకా బాధ ఏమిటంటే, నేను వెళ్ళిన యార్డ్‌ల్లో ఎక్కడా లోపలికి వెళ్ళడానికి డబ్బు తీసుకోలేదు, గేటు తీసే ఉంటుంది, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. నేను కట్టింది వ్యాన్‌కి మాత్రమే.

మర్నాటి నుంచి అక్కావాళ్ళ పక్కింటావిడతో వెళ్ళాను. అరవై దాటినావిడ, చిన్నప్పటి నుంచీ అదే పేట. దారి పొడుగునా ఏ ఇంటి పిల్ల ఏ పాన్ వాయిస్తుందో చెబుతూనే ఉంది. ఆ యార్డ్ అంత పేరున్నది కాదు, ఒక రేకుల షెడ్డు, నాలుగు లైట్లు, ఒక మూల కూల్‌డ్రింకులూ బీరూ అమ్మే చిన్న కౌంటర్, ఆ లాభం జట్టుకే. గోడ వారగా వరసగా కుర్చీలు, వాటిలో ముసలివాళ్ళు. వాళ్ళు ఊరికే కూర్చోరు. ఎక్కడైనా ఒక వరస తప్పితే వాళ్ళ తలలు ఆ వైపు తిరుగుతాయి.

నేర్పే పద్ధతి చూడాలి. నేను చూసినంతలో రాసుకున్న కాగితం ఒక్కరి దగ్గరా లేదు. అరేంజర్, అంటే పాటని బ్యాండ్‌కి తగ్గట్టు కూర్చేవాడు, ఒక చిన్న ముక్క పలికిస్తాడు, అన్నిటికన్నా హెచ్చు స్వరాల టెనార్ పాన్‌ల వాళ్ళు అందుకుంటారు, వాళ్ళకి వచ్చేదాకా అదే ముక్క పదిసార్లు, ఇరవైసార్లు. తర్వాత డబుల్ సెకండ్ల వాళ్ళకి ఇంకో ముక్క, తర్వాత ఇంకా తగ్గు స్వరాల చెల్లో పాన్‌లకి, చివరికి అన్నిటికన్నా తగ్గు స్వరాల బేస్‌లకి. విడిగా విన్నంతసేపూ ఏ ముక్కకీ అర్థం ఉన్నట్టు ఉండదు. అన్నీ కలిపి ఒక్కసారి వాయించినప్పుడు ఒళ్ళు జలదరించింది. అంతసేపూ ఆ మధ్య వరస వాళ్ళు ఎందుకంత మొండిగా ఆ రెండు స్వరాలే కొడుతున్నారో అప్పుడు తెలిసింది. మా ఊళ్ళో చెక్క భజన నేర్పేటప్పుడు గురువుగారు ఇలాగే నోటితో అని, కాలితో వేసి చూపించేవారు, పుస్తకం ఉండేది కాదు. అది గుర్తొచ్చి వెంటనే అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ మా ఊళ్ళో అప్పుడే తెల్లారుతోంది.

ఆ వీడియోలో ఒక అమ్మాయి ఉంది. పన్నెండేళ్ళుంటాయేమో. వాయించేది సిక్స్ బేస్, అంటే ఆరు నిండు డ్రమ్ములు తన చుట్టూ, ఒక్కో డ్రమ్ములో మూడే స్వరాలు. టెనార్ వాయించేవాళ్ళకి ఒకే పాన్‌లో అన్ని స్వరాలూ చేతి కింద ఉంటాయి, బేస్ వాళ్ళకి మాత్రం స్వరం కోసం ఒళ్ళంతా తిరగాల్సిందే. ఆ పిల్ల ఎత్తు చాలక కాళ్ళ కింద ఒక చెక్కపెట్టె వేశారు. ఎడమవైపు వెనక్కి ఒకటి, ఎదురుగా రెండు, కుడివైపు ఒకటి, మళ్ళీ వెనక్కి. కర్రల చివర రబ్బరు బంతులు, పెద్ద నిమ్మకాయలంత. నేను ఆ చేతులే చూస్తున్నాను, అమ్మ మాత్రం ‘చేతులు కాదే, ఆ పిల్ల మడమ చూడు, తాళం మడమతో వేస్తోంది, దాన్ని పట్టుకునే తిరుగుతోంది’ అంది. చూస్తే నిజమే. అంత తిరుగుడులోనూ కుడి మడమ పెట్టె మీద ఒక్క దెబ్బ తప్పలేదు. ఇరవై ఏళ్ళు భజన జట్టులో ఆడిన మనిషి కాబట్టి అమ్మకి ఫోన్‌లో చూసినా తెలిసిపోయింది.

ఇంకో మూల ట్యూనర్ ఒక పాన్‌ని ఒళ్ళో పెట్టుకుని చిన్న సుత్తితో కొడుతున్నాడు. తట్టడం, వినడం, మళ్ళీ తట్టడం. పోటీ దగ్గరపడే కొద్దీ ప్రతి పాన్‌నీ ఇలా సరిచేస్తారట, దాన్ని బ్లెండింగ్ అంటున్నారు. అంత గోలలో ఆయనకి ఆ ఒక్క స్వరం ఎలా వినపడుతోందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈ పోటీ ఎందుకు పుట్టిందో తెలిస్తే మీకు ఇంకా నచ్చుతుంది. 1880లలో బ్రిటిష్ వాళ్ళు వీధుల్లో డోళ్ళు వాయించడం మీద నిషేధాలు పెట్టారు. నల్లజాతి పేదవాళ్ళు అప్పుడు వెదురు బొంగులు నేలకేసి కొట్టి లయ కట్టారు, తర్వాత 1930లలో బిస్కెట్ డబ్బాలు, చెత్త డబ్బాలు, బండ్ల బ్రేక్ డ్రమ్ములు, రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి నూనె డ్రమ్ములు వచ్చాయి. ఆ తొలిరోజుల్లో పాన్ వాయించేవాడంటే రౌడీ అనే పేరు, పేటకీ పేటకీ మధ్య వీధుల్లో నిజంగానే కొట్లాటలు, ఆడపిల్లల్ని యార్డ్ గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. అదే పేటల పౌరుషాన్ని తీసుకొచ్చి వేదిక మీద పెట్టింది పనోరమా. 1992లో స్టీల్‌పాన్‌ని జాతీయ వాద్యంగా ప్రకటించారు, 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ని ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా గుర్తించింది. రౌడీలు అనిపించుకున్నవాళ్ళ మనవలు, మనవరాళ్ళు ఇప్పుడు స్కూల్ యూనిఫాంతోనే యార్డ్‌కి వస్తున్నారు. పోటీల వల్ల కళ పాడవుతుందని మన దగ్గర చాలామంది అంటారు, నేనూ ఒకప్పుడు అన్నాను. ఇక్కడ చూశాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పోటీ తేదీ, ఆ గెలవాలనే పట్టుదల లేకపోతే వంద మంది పనులు చేసుకునేవాళ్ళు రోజూ రాత్రి ఒకచోట చేరరు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక పేరు చెప్పాలి, జిత్ సమారూ. లోపినో కొండల దగ్గర పుట్టిన భారత సంతతి మనిషి, పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చార్లెట్ స్ట్రీట్‌లోని రెనిగేడ్స్ బ్యాండ్‌కి అరేంజర్. 1982 నుంచి 1997 లోపు ఆ బ్యాండ్‌ని తొమ్మిదిసార్లు పనోరమా గెలిపించాడు, చివరి మూడూ వరసగా. 2016లో పోయాడు. ఆయన పేరెత్తితే పక్కింటావిడ ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు.

ఇక సెమీ ఫైనల్. క్వీన్స్ పార్క్ సవానాలో రెండు స్టాండ్‌లు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో వేదిక. పాట వినడానికి వెళ్ళేవాళ్ళు గ్రాండ్ స్టాండ్ తీసుకోండి. నార్త్ స్టాండ్ పూర్తిగా పండగ, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి, డోళ్ళు, ఇనుప బ్రేక్ డ్రమ్ములు, రెండు బ్యాండ్ల మధ్య విరామంలో వాళ్ళే వాయించేసుకుంటారు. స్నేహితులతో వెళ్తే అదీ చాలా బాగుంటుంది, కానీ పిల్లలతోనో పెద్దవాళ్ళతోనో వెళ్తే వద్దు. ఒక బ్యాండ్ దిగి ఇంకో బ్యాండ్ ఎక్కడానికి టైం పడుతుంది, వంద మందికి సరిపడా పాన్‌లు చక్రాల బండ్ల మీద వేదిక ఎక్కాలి కదా. నేను ఆ విరామాల్లో కిందికి దిగి డ్రాగ్ దగ్గరికి వెళ్ళాను. వేదికకి వెళ్ళే దారిని అలా పిలుస్తారు. అక్కడ బ్యాండ్‌లు తమ వంతు కోసం ఆగి చివరిసారి వాయించుకుంటాయి. రెండడుగుల దూరంలో నిలబడి వినొచ్చు. ఆ బండ్లు తోసేది కూలీలు కాదు, పేట మనుషులే, వాయించేవాళ్ళ అన్నలూ మేనమామలూ. ‘మా’ బ్యాండ్ వచ్చినప్పుడు పక్కింటావిడ కూడా ఒక బండి మీద చెయ్యి వేసింది, నేనూ వేశాను.

మార్కులు ఎలా వేస్తారో తెలుసుకుని వింటే ఇంకా బాగుంటుంది. అరేంజ్‌మెంట్‌కి 40, వాయించిన తీరుకి 40, నాదానికి 10, లయకి 10. లయ విభాగాన్ని ఇంజన్ రూమ్ అంటారు, డ్రమ్స్, కాంగా డోళ్ళు, బ్రేక్ డ్రమ్ముని ఇనుప కడ్డీలతో కొట్టే ఐరన్ అన్నీ అందులోవే. పక్కనున్నాయన చెప్పాక నేను రెండు బ్యాండ్‌ల పాటు ఒక్క ఐరన్ మోత మీదే చెవి పెట్టాను. దాని మీదే మిగిలిన వంద మందీ నిలబడ్డారని అప్పుడు అర్థమైంది.

పాన్‌తో సంబంధం లేకపోయినా ఇది చెప్పకుండా ఉండలేను. ఒక ఇంజన్ రూమ్‌లో తాసా డోలు వినిపించింది. మన దగ్గర పెళ్ళి ఊరేగింపుల్లో, పీర్ల పండగల్లో వినే తాషాయే అది, 1845 నుంచి ఓడల్లో వచ్చిన భారతీయ కూలీలతో వచ్చింది. సెయింట్ జేమ్స్ పేటలో మొహర్రంకి హోసే అని చేస్తారు, పెద్ద పెద్ద తాజియాలు కట్టి, తాసాలు వాయిస్తూ ఊరేగిస్తారు, ముందు మంట వేసి డోలు మేకతోలుని కాగనిస్తారు. డప్పు కాగబెట్టడం చూసి పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. నేను వెళ్ళింది ఆ రోజులు కాదు, అక్కావాళ్ళ ఫోన్‌లో చూశాను, ఒకసారి ఆ సమయానికి వెళ్ళాలనుంది.

తిండికి ఇబ్బంది లేదు. డబుల్స్ అని రోడ్డు పక్కన దొరుకుతాయి, బరాలనే రెండు మెత్తటి వేయించిన రొట్టెల మధ్య శనగల కూర, పైన చింతపండు పచ్చడి, కీరదోసకాయ, మిరపకాయ కారం. కారం ఎంత అని అడుగుతారు. మనం గుంటూరు వాళ్ళమే అయినా మొదటిసారి ‘స్లైట్’ అనే చెప్పండి, అక్కడి మిరపకాయ వేరు. సవానాలో అర్ధరాత్రి కార్న్ సూప్ తాగాలి, పప్పూ మొక్కజొన్న కండె ముక్కలూ వేసి చిక్కగా చేస్తారు. శాకాహారులైతే మాంసం వేశారేమో అడిగి తీసుకోండి.

నా మార్కులు: పాన్‌యార్డ్ రాత్రులకి 5కి 5, సెమీ ఫైనల్‌కి 4.5, ఆ టూర్‌కి 1, ఆ ఒకటి కూడా డ్రైవర్ మర్యాదగా ఉన్నందుకు. పేరున్న బ్యాండ్‌లు వినాలంటే డెస్పరాడోస్, రెనిగేడ్స్, ఆల్ స్టార్స్, ఫేజ్ టూ, ఎక్సోడస్, ఇన్‌వేడర్స్, వీటిలో ఏ యార్డ్‌కి వెళ్ళినా మంచిదే. కానీ ఒక రాత్రైనా మీరుండే చోటికి దగ్గర్లోని చిన్న యార్డ్‌కి వెళ్ళండి. తొమ్మిది తర్వాత వెళ్ళండి, ఆ లోపు ముక్కలే వినపడతాయి. మూల కౌంటర్‌లో ఏదో ఒకటి కొనండి. వాయించేవాళ్ళ వరసల మధ్యకి వెళ్ళి ఫోటోలు తీయకండి. చిన్నపిల్లలుంటే చెవుల్లో పెట్టడానికి ఏదైనా తీసుకెళ్ళండి, బేస్‌ల దగ్గర మోత గుండెల్లో కొడుతుంది. రాత్రి తిరుగు ప్రయాణానికి తెలిసిన టాక్సీ ముందే మాట్లాడుకోండి.

వచ్చేసారి అమ్మని తీసుకెళ్తున్నాను. ఆవిడకి గ్రాండ్ స్టాండ్ టికెట్ తీస్తానన్నాను, ‘అది సరే, ముందు ఆ పిల్ల వాయించే చోటికి తీసుకెళ్ళు’ అంది.