పెళ్లి కాని వాళ్లకు సొంతిల్లు: ఒక్కరి పేరా, జాయింటా, నాన్న ఇంటిపై అంతస్తా? ఏది మేలు?

పెళ్లి వద్దనుకున్నవాళ్లకైనా, కుదరక ఆగిపోయినవాళ్లకైనా నలభై దగ్గరపడేసరికి అద్దె ఇళ్ల మీద విసుగొస్తుంది. "ఫ్యామిలీకే ఇస్తాం" అన్న టు-లెట్ బోర్డు ముందు ఎన్నాళ్లని నిలబడతారు? సొంతానికి కొనాలనుకుంటే మన దగ్గర మూడు దారులు కనిపిస్తాయి. ఒక్కరి పేరుతో ఫ్లాట్ తీసుకోవడం, అమ్మతోనో నాన్నతోనో తోబుట్టువుతోనో కలిసి కొనడం, నాన్న కట్టిన ఇంటిపై సొంత డబ్బుతో అంతస్తు వేయడం.

ధర కన్నా ముందు తేల్చుకోవాల్సింది మీ తర్వాత ఆ ఇల్లు ఎవరిదన్న సంగతి. భార్యాపిల్లలున్నవాళ్లు ఏమీ రాయకపోయినా ఆస్తి దాదాపు వాళ్లు కోరుకున్నవాళ్లకే చేరుతుంది. పెళ్లి కాని వాళ్ల విషయంలో అలా కాదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన అవివాహితుడి స్వార్జితం (సొంతంగా సంపాదించుకున్న ఆస్తి) మొత్తం అమ్మకే. ఆమె ఉండగా నాన్నకు పైసా రాదు. అమ్మ లేకపోతే నాన్నకు, ఇద్దరూ లేకపోతే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ సమానంగా. పెళ్లి కాని మహిళ స్వార్జితమైతే అమ్మానాన్నలకు చెరి సగం, వాళ్లు లేకపోతే నాన్న వారసులకు. ఇందులో ఒక మెలిక ఉంది. అన్నయ్య ముందే పోయి అతని పిల్లలున్నారనుకుందాం. తమ్ముడు అవివాహితుడిగా పోతే, బతికున్న తోబుట్టువులే అంతా తీసుకుంటారు, అన్నయ్య పిల్లలకు ఏమీ దక్కదు. పోయింది పెళ్లి కాని చెల్లెలైతే ఆస్తిని నాన్నదిగా లెక్కగట్టి పంచుతారు కాబట్టి ఆ పిల్లలకు వాళ్ల తండ్రి వాటా వస్తుంది. ఒకే ఇల్లు, ఒకే కుటుంబం, లెక్క మాత్రం వేరు. ముస్లింలకు, క్రైస్తవులకు నియమాలు వేరు. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడోవంతుకు మించి వీలునామాతో ఇవ్వలేరు.

ఒక్కరి పేరుతో

మా మొదటి ఓటు దీనికే. అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా, వీలునామా రాయాలన్నా ఒక్క సంతకం చాలు. భారం కూడా ఒక్కరిదే కాబట్టి లెక్క గట్టిగా వేసుకోవాలి.

60 లక్షల ఫ్లాట్ తీసుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు రుణాలకు బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం. అంటే అప్పు 48 లక్షలు, చేతి డబ్బు 12 లక్షలు. స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ కలిపి తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ సుమారు 7.5 శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. 80 శాతం లెక్కకట్టేటప్పుడు బ్యాంకు దీన్ని ఇంటి విలువలో కలపదు. అక్కడే చాలామంది చివరి నిమిషంలో పర్సనల్ లోన్‌కు పరుగెడతారు. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు లక్షకు 868 రూపాయల చొప్పున ఈఎంఐ సుమారు 41,650. చేతికొచ్చే జీతంలో సగం దాకా ఈఎంఐకి బ్యాంకు ఒప్పుకోవచ్చు. ఇంట్లో రెండో జీతం లేనివాళ్లు 40 శాతం దాటకపోవడం మంచిది, అంటే నెలకు లక్షా నాలుగు వేలు చేతికి రావాలి. పైన తొమ్మిది నెలల ఈఎంఐ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి. ఉద్యోగం పోతే ఆదుకునేది అదొక్కటే.

ఒంటరిగా కొనేవాళ్లకు కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ కన్నా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చన్న అధికారిక పత్రం) వచ్చిన ఫ్లాటే నయం. కట్టుబడిలో ఉన్నదానికి 5 శాతం జీఎస్టీ ఉంటుంది (హైదరాబాద్‌లో 45 లక్షల లోపు, 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి వాడకపు స్థలం, లోపు ఉంటే 1 శాతం). ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తర్వాత కొంటే ఉండదు. అసలు దెబ్బ జీఎస్టీ కాదు. బిల్డర్ ఆలస్యం చేసినన్నాళ్లూ ఒకే జీతం అద్దెనూ వడ్డీనీ మోయాలి. తప్పక అలాగే కొనాల్సి వస్తే, రిజిస్టరైన ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ ఇవ్వకండి. అంతకు మించి తీసుకోవడాన్ని రెరా (బిల్డర్లను నియంత్రించే స్థిరాస్తి చట్టం) నిషేధించింది.

కలిసి కొంటే

కలిసి ఎవరితో కొంటున్నారన్నదాన్ని బట్టి మంచిచెడులు పూర్తిగా మారిపోతాయి. ఎక్కువమంది చేసేది, మేము వద్దనేది, ఆదాయం లేని అమ్మ పేరు ప్రేమతో కలపడం. డబ్బంతా మీరే కట్టినా దస్తావేజులో వాటాలు రాయకపోతే అమ్మది సగమనే వాదన వస్తుంది. నాన్న ముందే పోయి, మీరు ముగ్గురు తోబుట్టువులైతే, అమ్మ తర్వాత ఆ సగం మూడు ముక్కలవుతుంది. మిగతా ఇద్దరికీ కలిపి ఫ్లాట్‌లో మూడోవంతు పోతుంది. "కట్టింది నేనే" అని పాత బ్యాంకు స్టేట్‌మెంట్లతో కోర్టులో నిరూపించుకోవాలి. అమ్మ పేరు పెట్టాలనే ఉంటే "మొదటి కొనుగోలుదారుకు 95 శాతం, రెండవ కొనుగోలుదారుకు 5 శాతం అవిభాజ్య హక్కు" (విడదీయని ఉమ్మడి వాటా) అని దస్తావేజులోనే రాయించి, అమ్మ చేత ఆ 5 శాతానికి మీ పేర వీలునామా రాయించండి.

పెళ్లి చేసుకోని ఇద్దరు తోబుట్టువులు కలిసి కొనడం మాత్రం నిజంగా మంచి దారి. రెండు జీతాలు, రెట్టింపు అర్హత. సొంతానికి ఉండే ఇల్లయితే పాత పన్ను విధానంలో ఇద్దరూ చెరో 2 లక్షల దాకా వడ్డీ మినహాయింపు తీసుకోవచ్చు, కొత్త విధానంలో అది లేదు. మినహాయింపుకు దస్తావేజులోనూ లోన్‌లోనూ ఇద్దరి పేర్లూ ఉండాలి. అక్కాచెల్లెళ్లను, అన్నాచెల్లెళ్లను కో-అప్లికెంట్లుగా (లోన్‌కు ఉమ్మడి దరఖాస్తుదారులుగా) తీసుకోవడానికి వెనకాడే బ్యాంకులున్నాయి కాబట్టి టోకెన్ ఇవ్వకముందే అడగండి. ఒకరు పోతే వాటా రెండోవారికి దానంతటదే రాదు, పైన చెప్పిన వరసలో వెళ్తుంది. అందుకే రిజిస్ట్రేషన్ జరిగిన నెలలోనే ఒకరి పేర ఒకరు వీలునామా రాసుకోవాలి. ఒకరు తప్పుకోవాలనుకుంటే వాటా విలువ ఎవరు లెక్కగడతారో, ఎన్ని నెలల్లో డబ్బిచ్చి హక్కు విడుదల దస్తావేజు (వాటా వదులుకుంటున్నట్టు రాసే పత్రం) రాయించుకోవాలో ముందే కాగితం మీద పెట్టండి. లేకపోతే పార్టిషన్ దావా, అంటే వాటాలు పంచమని కోర్టులో వేసే కేసు, దాకా వెళ్తుంది. ఫ్లాట్‌ను ముక్కలు చేయలేరు కాబట్టి కోర్టు అమ్మించి డబ్బు పంచే అవకాశమే ఎక్కువ.

నాన్న ఇంటిపై అంతస్తు

స్థలం కొననక్కర్లేదు, అమ్మానాన్నలు కింద ఉంటారు, ముసలితనంలో వాళ్లకు తోడు. మనసుకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు. కానీ పెళ్లి కాని కూతుళ్లు, కొడుకులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. స్థలం నాన్న పేరున ఉన్నంతకాలం పైన వేసిన స్లాబు కూడా మామూలుగా ఆయనదే. వీలునామా లేకుండా ఆయన పోతే అమ్మకూ పిల్లలందరికీ సమాన వాటా. మీరు పెట్టిన ఇరవై, ముప్పై లక్షలు ఆ పంపకంలో కలిసిపోతాయి. "పైది నీదే కదా" అన్న మాటకు సబ్ రిజిస్ట్రార్ దగ్గర విలువ లేదు.

కాబట్టి పిల్లర్లు లేపకముందే నాన్న చేత సెటిల్‌మెంట్ దస్తావేజు (బతికుండగానే ఆస్తి హక్కును మీకు రాసిచ్చే పత్రం) రిజిస్టర్ చేయించుకోవాలి. అందులో పై అంతస్తుపై హక్కు, భూమిలో అవిభాజ్య వాటా (200 గజాల స్థలంలో రెండు అంతస్తులైతే 100 గజాలు), మెట్లు, బోరు, మీటరు, మేడ మీదికి దారి అన్నీ రావాలి. వీలునామాతో సరిపెట్టుకోవద్దు, దాన్ని ఆయన ఎప్పుడైనా మార్చొచ్చు. ఆయనకూ రక్షణ కావాలి కనుక "పోషణ చూస్తారన్న షరతుపై" అని రాయించండి. అప్పుడు మీరు చూడకపోతే 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయమని ఆయన అడగొచ్చు. తోబుట్టువులను సాక్షులుగా పిలిస్తే తర్వాతి గొడవలు సగం తగ్గుతాయి. ప్లాన్‌లో లేని అంతస్తుకు లోన్ రావడం కష్టం, అనుమతి కాగితం ముందు చూడండి.

మా వరస ఇది: ఒక్కరి పేరు మొదట, పెళ్లి చేసుకోని తోబుట్టువుతో వాటాలు రాసి కొనడం తర్వాత, దస్తావేజు ఉంటేనే అంతస్తు, అమ్మ పేరు ఉత్తినే కలపడం చివర.

ఏ దారిలో వెళ్లినా వీలునామా తప్పదు. దానికి స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించడమే మేలు. సాక్షులు ఇద్దరు, మీకన్నా చిన్నవాళ్లు, ఆస్తి దక్కేవాళ్లు కానివాళ్లు అయితే మంచిది. సొసైటీలో నామినీగా (మీ తర్వాత ఆస్తి విషయాలు చూసుకునే వ్యక్తిగా) ఒకరి పేరు రాసినంత మాత్రాన అతను యజమాని అయిపోడు. పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున పనులు చేసే అధికారమిచ్చే పత్రం) ఇచ్చినవారికి మతిస్థిమితం పోతే అది కూడా చెల్లదు, దాన్ని నమ్ముకుని ఆగిపోకండి. వీలునామాలో ఫ్లాట్ నంబరు, దస్తావేజు నంబరు, సంవత్సరం, నాలుగు హద్దులు రాసి, మీరు ఎంచుకున్న మనిషి మీకన్నా ముందే పోతే ఎవరికన్న రెండో పేరు కూడా పెట్టండి.