వైరుదా, వైర్‌లెస్సా? ఉక్కపోత ఊళ్లో గేమింగ్ హెడ్‌సెట్

"మావయ్యా, గేమింగ్ హెడ్‌సెట్‌కి ఇరవై వేల దాకా పెడతాను. వైరుదా, వైర్‌లెస్సా, ఏది కొనమంటావ్?" అని మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్న్‌షిప్ డబ్బులు చేతిలో పడ్డాయి. రాత్రి పది దాటితే వాడికి వాలరెంట్ అనే తుపాకీల ఆట తప్ప వేరే లోకం లేదు. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి నన్నడిగాడు. మాది విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర. కంప్యూటర్ గదిలో ఏసీ లేదు, ఫ్యానే. ఈ ముక్క ముందే ఎందుకు చెప్పానో తర్వాత తెలుస్తుంది.

వైర్‌లెస్ అంటే శబ్దం ఆలస్యమని అందరూ భయపెడతారు. ఎంత ఆలస్యం? యూఎస్‌బీ డాంగిల్‌తో, అంటే కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రిసీవర్ ముక్కతో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ రకంలో సుమారు 20 నుంచి 30 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 20 మిల్లీసెకన్లంటే ఏడు మీటర్లు, వీధి గుమ్మంలోంచి అమ్మ పిలిస్తే పెరట్లో వినపడేంత. ఆడేటప్పుడు నాకైతే తేడా తెలియలేదు. మామూలు బ్లూటూత్‌లో మాత్రం 200 మిల్లీసెకన్ల దాకా పోతుంది. చిన్న చెరువు అవతలి గట్టున ఎవరో బండ మీద బట్ట బాదితే, బట్ట మళ్లీ పైకి లేచేటప్పుడు చప్పుడు మన చెవిన పడుతుంది చూశారా, అదీ లెక్క. తుపాకీ పేలిన తర్వాత మోత వినిపిస్తే ఇంక ఆడేదేముంది!

బ్లూటూత్‌కి ఇంకో జబ్బుంది. కంప్యూటర్‌లో దాని మైకు ఆన్ చేయగానే సాధారణంగా కాల్ మోడ్‌లోకి జారిపోతుంది. స్టీరియో పోయి పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టుంటుంది. అడుగుల చప్పుడు ఎడమనుంచో కుడినుంచో తెలియదు. అందుకే గేమ్‌కి బ్లూటూత్ మాటే వద్దు, పోటీ వైరుకీ డాంగిల్‌కీ మధ్యే.

డాంగిల్‌తో నేను పడ్డ పాట్లు చెప్తాను. కొన్న మొదటి వారం శబ్దం ముక్కలు ముక్కలుగా వచ్చేది. హెడ్‌సెట్‌దే తప్పనుకుని వాపసు పంపేద్దామనుకున్నాను. తీరా చూస్తే హార్డ్ డిస్క్‌లోకి సినిమాలు కాపీ చేస్తున్నప్పుడే ఆ గొడవ. సీపీయూ వెనకాల డాంగిల్, దాన్ని ఆనుకునే హార్డ్ డిస్క్ యూఎస్‌బీ 3.0 కేబులు. యూఎస్‌బీ 3.0 పనిచేస్తుంటే 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే రేడియో రొద పుడుతుందని ఇంటెల్ వాళ్లు 2012లోనే రాశారు. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి డాంగిల్‌ని బల్ల మీదకి లాగాను, కుదురుకుంది. వైర్‌లెస్ కొన్నాక మళ్లీ వైరు కొనడమేమిటని మా ఆవిడ నవ్వింది.

వైరుది మాత్రం పుణ్యాత్మురాలేం కాదు. కుర్చీ చక్రం కింద రెండుసార్లు నలిగింది. జాక్ దగ్గర వదులై ఒక చెవి మూగబోయింది. గంటస్తంభం దగ్గర ఒక రిపేరు కొట్టులో కుర్రాడు కొత్త జాక్ అతికించి ఎనభై రూపాయలు తీసుకున్నాడు. ఆరేళ్ల పాతది, ఇప్పటికీ పాడుతోంది. కొనేటప్పుడు కేబుల్ ఊడదీసి మార్చుకునే రకం చూసుకుంటే ఆ ఎనభై కూడా మిగులుతుంది.

వైర్‌లెస్‌లో బ్యాటరీ పోతే అంత సులువు కాదు. హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్ ఒక్క ఛార్జింగ్‌తో 300 గంటలని కంపెనీ చెప్పుకుంటుంది, అంటే ఛార్జింగ్ బాధ దాదాపు లేనట్టే. స్టీల్‌సిరీస్ ఆర్క్టిస్ నోవా ప్రో వైర్‌లెస్‌కి రెండు బ్యాటరీలిస్తారు, ఒకటి అయిపోతే రెండోది తగిలించుకోవచ్చు. చాలా వాటిలో మాత్రం లోపల సీలు చేసి ఉంటుంది. లిథియం బ్యాటరీకి వేడి పడదు, మనకి మే నెల ఉండనే ఉంది. నా వైర్‌లెస్‌ది రెండేళ్లలోనే ముప్పై గంటలనుంచి ఇరవైకి దిగింది. కంపెనీ పేరెందుకులెండి.

ఇప్పుడు ఆ ఫ్యాను సంగతి. ప్రీమియం అనగానే చెవులకి మెత్తటి లెదరెట్ (నకిలీ తోలు) కుషన్లు వేస్తారు. మన సముద్రపు తేమకి, చెమటకి అవి పొరలు పొరలుగా లేస్తాయి. ఓ రోజు భోజనానికి కూర్చుంటే మా అమ్మ, "చెవుల మీద ఆ నల్ల పొట్టేట్రా?" అంది. తుడుచుకుంటే చేతికి మసిలా అంటింది. అందుకే సౌండ్ కన్నా ముందు కుషన్లు విడిగా దొరుకుతాయో లేదో చూడండి, వెల్వెట్ రకం దొరికితే మరీ మంచిది. బరువు కూడా చూసుకోవాలి. ఆడీజ్ మాక్స్‌వెల్ అనే వైర్‌లెస్ హెడ్‌సెట్ సౌండ్ గొప్పదే, 90 మిల్లీమీటర్ల ప్లేనార్ డ్రైవర్లు (పల్చటి పొర అదిరి మోగే స్పీకర్లు), కానీ 490 గ్రాములు. అరకిలో పంచదార పొట్లం నెత్తిన పెట్టుకుని ఏప్రిల్‌లో రెండు గంటలు కూర్చోగలరా?

సౌండ్ ఒక్కటే కావాలంటే, అదే డబ్బుకి వైరుదే గెలుస్తుంది. బ్యాటరీ, రేడియో, ఛార్జింగ్ ఖర్చు లేవు కదా. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ లాంటి ఓపెన్‌బ్యాక్ (వెనక జాలీ ఉండే) హెడ్‌ఫోన్, పక్కన విడిగా ఓ మైకు పెట్టుకుంటే ఎవరెక్కడ నడుస్తున్నారో గది గీసి చూపిస్తుంది. గాలి ఆడుతుంది కాబట్టి చెమట కూడా తక్కువ. కాకపోతే బయటి రొద అంతా లోపలికొస్తుంది. పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం రోజుల్లో మా వీధి మైకుల ముందు అది పనికిరాదు.

హాల్లో సోఫాలో కూర్చుని టీవీకి పీఎస్5 (ప్లేస్టేషన్ 5) పెట్టుకునేవాళ్లకి నేను వైర్‌లెస్సే చెప్తాను. మధ్యలో లేచి తలుపు తీయాలి, కుక్కర్ ఆపాలి. పీఎస్5 బ్లూటూత్ హెడ్‌సెట్‌ని నేరుగా తీసుకోదు, డాంగిల్ రకమే కావాలి. ఎక్స్‌బాక్స్ అయితే డబ్బా మీద ఎక్స్‌బాక్స్ అని రాసి ఉందో లేదో చూడాలి, పీఎస్ కోసం చేసిన డాంగిల్ దానికి పట్టదు. డబ్బు తక్కువైతే రెండింటి కంట్రోలర్‌కీ 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ జాక్ ఉంది, పాత వైరుది గుచ్చుకోవచ్చు.

మావాడిది హాస్టల్ గది, బల్ల ముందే ఆట. వైరుదే తీసుకోమన్నాను, పన్నెండు వేలలో తేలింది. మిగిలినదాంట్లో అదనంగా ఒక జత వెల్వెట్ కుషన్లు కూడా ఇప్పుడే కొని పెట్టుకోమన్నాను. రెండేళ్లయ్యాక ఆ మోడల్‌వి దొరుకుతాయో లేదో!