రెండు వీడియోల్లో తేడా పట్టాలంటే ఏది మేలు: పక్కపక్కన పెట్టడమా, ఒకదానిమీద ఒకటి వేయడమా?

ఆదివారం పుస్తకంలో ‘ఈ రెండు బొమ్మల్లో పది తేడాలు కనుక్కోండి’ అని వచ్చేది గుర్తుందా? పక్కపక్కనే ఉన్న బొమ్మల్లో తేడా పట్టడం తేలికైన పనే అయితే అసలు దాన్ని ఆటగా ఇచ్చేవారే కాదు. అయినా ఒకే వీడియోని రెండు రకాలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఏది బాగుందో చూడాలంటే మనం మొదట చేసేది అదే పని. రెండు ప్లేయర్లు తెరిచి, పక్కపక్కన పెట్టి, కళ్లు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటాం.

నేను తరచూ చూసుకోవాల్సింది పెళ్లి వీడియోలు. అందులో కోడెక్‌కి (వీడియోని కుదించే పద్ధతికి) అసలు పరీక్ష తలంబ్రాల దగ్గరే. వందల బియ్యపు గింజలు, మధ్యలో రంగురంగుల థర్మకోల్ ఉండలు, ప్రతి ఫ్రేములో ఒక్కోటి ఒక్కో చోట. బిట్‌రేట్, అంటే ఒక్కో సెకనుకి వాడే డేటా, చాలకపోతే ముందు చెడేది అక్కడే. ఆ ముక్క ఇరవై సెకన్లు కత్తిరించి, ఒకటి హెచ్.264 కోడెక్‌లో, ఇంకోటి సగం బిట్‌రేట్‌తో దాని తర్వాత వచ్చిన హెచ్.265లో తీసి చూశాను.

పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా కనిపించాయి. కనిపించక ఏం చేస్తాయి మరి! 1920 పిక్సెళ్ల మానిటర్‌ని రెండుగా పంచితే ఒక్కో వీడియోకి వెడల్పులో 960 మాత్రమే దక్కుతుంది. దాంతోపాటు ఎత్తూ సగమవుతుంది. అంటే నాలుగో వంతు పిక్సెళ్లతో చూస్తున్నాం. కుదింపు వల్ల వచ్చే ఏ గడుల కోసం, ఏ మసక కోసం వెతుకుతున్నామో వాటిని బొమ్మ చిన్నదవడమే దాచేస్తుంది. రెండు వేర్వేరు కెమెరాలతో, వేర్వేరు కోణాల్లో తీసినవైతే ఇంకో దారి లేదు, పక్కపక్కనే పెట్టాలి. ఫ్రేము ఒకటే అయినప్పుడు మాత్రం దీన్ని వదిలేయండి.

ఒకదానిమీద ఒకటి వేసి చూసే పద్ధతులు నాలుగున్నాయి. డీజేవీ, ఓపెన్‌ఆర్‌వీ లాంటి ఉచిత ప్లేయర్లు వీటికోసమే చేసినట్టుంటాయి. ఫొటోలకైతే గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో రెండు లేయర్లు చాలు.

సగం పారదర్శకంగా పైన పరిచి చూడటం చూడ్డానికి బాగుంటుంది గానీ నాణ్యత తేల్చడానికి ఎందుకూ పనికిరాదు. రెండూ కలిసిపోయి మూడో బొమ్మ ఒకటి తయారవుతుంది. దాని ఉపయోగం ఒక్కటే: రెండూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయో లేదో చెబుతుంది. పెళ్లికూతురి ముక్కుపుడక రెండుగా కనిపించిందంటే ఒకటి కాస్త పక్కకి జరిగినట్టే.

వైప్ అంటే మధ్యలో గీత. ఎడమన ఒకటి, కుడిన ఇంకోటి, మౌస్‌తో గీతని జరుపుతాం. వీడియో-కంపేర్ అనే చిన్న ఉచిత సాధనం ఈ పని హాయిగా చేస్తుంది. కలర్ గ్రేడింగ్‌కి, అంటే రంగులు దిద్దే పనికి, ఇది బంగారం. ఒకే ముఖం మీదో, ఒకే గోడ మీదో గీత నిలబెడితే రంగు తేడా చటుక్కున దొరుకుతుంది. సన్నని తప్పులకి మాత్రం అంత రాణించదు, ఎందుకంటే తెరమీద ఏ చోటైనా ఆ క్షణానికి కనిపించేది ఒక్క వీడియోనే. గీతని ఒకే చోట అటూ ఇటూ ఊపితే తప్ప తెలియదు. అలా ఊపడమంటే నిజానికి తర్వాతి పద్ధతిలోకి జారుకోవడమే.

అదే టోగుల్. ఒకే చోట, ఒకే కొలతలో, మీట నొక్కగానే ఒకటి పోయి ఇంకోటి రావడం. 1930లో అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో క్లైడ్ టాంబో ప్లూటోని పట్టింది ఇలాగే. జనవరి 23న, 29న తీసిన రెండు ఫొటో ప్లేట్లని బ్లింక్ కంపారేటర్‌లో మార్చి మార్చి చూస్తుంటే, కదలని చుక్కల మధ్య ఒక్క చుక్క అటూ ఇటూ గెంతింది. మన కంటికి కదలిక అంటే అంత చురుకు. తలంబ్రాల ఫ్రేముని ఆపి, 100 శాతం జూమ్‌లో టోగుల్ చేస్తే నాకూ అలాగే జరిగింది. రెండోదానిలో గింజల చుట్టూ గడులు గడులుగా ఉబ్బింది. పట్టుచీర జరీ అంచులో సన్నగీతలు చెరిగి పసుపు పట్టీలా అయిపోయాయి. పది నిమిషాలు పక్కపక్కన చూసి కనిపెట్టలేనిది రెండు నొక్కుల్లో తేలింది.

ఒక్కటే షరతు, మధ్యలో ఖాళీ రాకూడదు. 1997లో మన చూపు మీద పరిశోధన చేసే రొనాల్డ్ రెన్‌సింక్ బృందం రెండు బొమ్మల మధ్య 80 మిల్లీసెకన్ల పాటు ఖాళీ తెర చూపిస్తే, పెద్ద పెద్ద మార్పులు కూడా చూసేవాళ్లకి చాలాసేపటిదాకా అందలేదు. కాబట్టి మీట నొక్కినప్పుడు ప్లేయర్ తడబడి క్షణం నల్లబడుతోందంటే ఆ టోగుల్‌ని నమ్మకండి. రెండు ముక్కలూ ముందే మెమరీలోకి ఎక్కనివ్వాలి. ఏది ఏదో తెలిస్తే మనసు ఖరీదైనదాని వైపు మొగ్గుతుంది, అందుకని మీట నొక్కే పని మా తమ్ముడికి అప్పజెప్పి నేను బాగున్నది ‘ఇది’ లేదా ‘అది’ అని మాత్రమే చెబుతాను.

ఇక డిఫరెన్స్ మోడ్. ఒక పిక్సెల్ విలువలోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది, తేడా లేకపోతే నలుపు. వినడానికి ఇంతకంటే తిరుగులేనిది లేదు. నేనూ ఒకసారి నల్లటి తెర చూసి రెండూ ఒకటే అనుకుని ఫైలు పంపేశాను. తర్వాత అర్థమైంది: 8 బిట్ వీడియోలో విలువలు 0 నుంచి 255 దాకా ఉంటాయి, తేడా 3 ఉంటే అదీ కంటికి నలుపే. గెయిన్ (తేడాని హెచ్చించి చూపే అమరిక) పదింతలు పెంచాక ఎర్రచీర నిండా గడులు బయటపడ్డాయి.

రెండో ఇబ్బంది, ఇది ఎక్కడ తేడా ఉందో చెబుతుంది గానీ ఏది మేలో చెప్పదు. మూడోది, చిన్న పొరపాటుకే గగ్గోలు పెడుతుంది. ఒక్క పిక్సెల్ జరిగితే అన్నిటి అంచులూ సుద్దముక్కతో గీసినట్టు వెలుగుతాయి. ఒకటి 0–255, ఇంకోటి 16–235 రేంజ్‌లో ఉంటే నల్లటి చోట్లా తెల్లటి చోట్లా బూడిదరంగు తేలుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాధనంలో, వెలుగునీ రంగునీ విడివిడిగా దాచే వైయూవీ ఫార్మాట్‌లోనే తీసివేత చేయిస్తే, ఒకే ఫైలుని రెండుసార్లు ఇచ్చినా తెర ముదురు ఆకుపచ్చగా వస్తుంది. వీడియోలో తప్పేం లేదు, రంగు చానెళ్లలో సున్నా అంటే నలుపు కాదు, అంతే. ముందు ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) విలువల్లోకి మార్చి తీసేస్తే సరి.

టైమింగ్ సంగతి కూడా. సెకనుకి 24 ఫ్రేముల వీడియోనీ 23.976 ఫ్రేముల వీడియోనీ కలిపి నడిపితే సుమారు 42 సెకన్లకి ఒక ఫ్రేము జారుతుంది. ఫోన్‌లో తీసినవైతే ఫ్రేము రేటు నిలకడగానే ఉండదు. మన పెళ్లిళ్లలో దీనికో తేలిక మందు ఉంది: ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ పడిన ఫ్రేము. రెండిటిలోనూ ఆ తెల్లటి ఫ్రేము కలిపితే, మళ్లీ జారేదాకా ఆ చుట్టుపక్కల లెక్క కుదురుతుంది.

నా వరస ఇప్పుడిది. ముందు డిఫరెన్స్‌తో గెయిన్ పెంచి తేడా ఎక్కడుందో వెతుకుతాను, ఆ చోటికి జూమ్ చేసి టోగుల్‌తో ఏది మేలో తేల్చుకుంటాను. ఒక్కదాన్నే ఎంచుకోమంటే టోగులే. వైప్ గీత మాత్రం పెళ్లివారు వచ్చినప్పటికి. గ్రేడింగ్‌కి ముందు, తర్వాత అని గీత జరుపుతుంటే వాళ్లే మౌస్ అందుకుని, పెళ్లికూతురి ముఖం మీదే పదిసార్లు తిప్పుకుంటారు.