లోనోక్ ఎర చేపల చెరువుల దగ్గర రెండు రోజులు

మాది కైకలూరు దగ్గర పల్లె. బొచ్చె, శీలావతి ఎంత తూగితే అంత డబ్బు అనే మాట వింటూ పెరిగాను. ఉద్యోగం కోసం అమెరికాలోని బెంటన్‌విల్ వచ్చాక, ఇదే ఆర్కన్సా రాష్ట్రంలో లోనోక్ అనే ఊరు ఉందనీ, అక్కడ గాలానికి గుచ్చే చిన్న చేపలను చెరువుల్లో పెంచుతారనీ తెలిసింది. ఏప్రిల్ చివర ఓ శని, ఆదివారాలు అక్కడికి వెళ్లాను.

కారులో నాలుగు గంటల లోపే చేరాను. లిటిల్ రాక్ దాటి తూర్పుగా పాతిక మైళ్లు పోగానే గట్లు, వరి మళ్లు, మళ్లీ గట్లు. వరి పండే బంకమట్టి నేల చెరువులో నీటిని ఇంకిపోనివ్వదు. మా ఊరి పొలిమేర దాటి వచ్చానన్న భావన కాసేపు పోయింది.

లోనోక్‌లో రహదారి పక్కనే ఉన్న మోటెల్‌లో 70 డాలర్లకు గది దొరికింది. తివాచీ తడి వాసన, ఏసీ రొద, నిద్ర పట్టలేదు. లిటిల్ రాక్‌లో దిగడమే మేలు. అరగంట ప్రయాణం పెద్ద ఇబ్బంది కాదు. భోజనం మాత్రం లోనోక్‌లోనే చేయండి. మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన క్యాట్‌ఫిష్ వేడివేడిగా పెడతారు.

చెరువులు చూడాలంటే ముందే ఫోను చేసి అనుమతి అడగాలి. తెగుళ్ల భయంతో ఎవరినిపడితే వారిని రానివ్వరు. లోపలికి వెళ్లే ముందు నా చెప్పుల అడుగులు మందునీళ్లలో తడిపించారు. 2006లో చేపల వైరస్ భయంతో గ్రేట్ లేక్స్ (ఉత్తరాన ఉన్న పెద్ద సరస్సులు) చుట్టూ ఉన్న రాష్ట్రాల నుంచి చేపల అంతర్రాష్ట్ర రవాణా మీద కేంద్ర ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, 2014లో ఎత్తేసింది. ఇక్కడి సరుకులో ఎక్కువ భాగం ఇతర రాష్ట్రాలకే వెళ్లాలి కాబట్టి, పరీక్షల కాగితాలు అడిగే రాష్ట్రానికి అవి లేకుండా లారీ కదలదు.

రైతు ఓపికగా తిప్పి చూపించారు. గట్టు వెంట నీళ్లలో పరిచిన కొబ్బరి పీచు చాపను ఎత్తి వెనక్కి తిప్పితే, పీచు నిండా గసగసాలంత గుడ్లు మెరుస్తూ అంటుకుని ఉన్నాయి. అవి గోల్డెన్ షైనర్ అనే ఎర చేప గుడ్లు. చాపలను వేరే చెరువుకో తొట్లకో మారుస్తారు. అక్కడే ఉంచితే పిల్లలను పెద్ద చేపలే మింగేస్తాయి.

అసలు విషయం షెడ్డులో తెలిసింది. సిమెంటు తొట్లలో బావినీరు పారుతూ ఉంటుంది. కడ్డీల పెట్టెలో చేపలను పోస్తే చిన్నవి సందుల్లోంచి జారిపోతాయి, పెద్దవి మిగులుతాయి. ఆ సందులను అంగుళంలో 64వ వంతుల్లో కొలుస్తారు. గాలానికి క్రాపీ అనే చేపను పట్టేవారికి ఒక సైజు, బాస్ అనే చేపను పట్టేవారికి ఇంకో సైజు. గాలానికి గుచ్చేది ఒక్కొక్క చేపనే కాబట్టి కొనేవాడికి కావలసింది బరువు కాదు, లెక్క. అమ్ముడు కాకుండా ఉండి సైజు దాటిన చేప మేత తిన్నంత తిని ధర పోగొట్టుకుంటుంది. అందుకే చెరువులో కిక్కిరిసేలా పోసి పెరుగుదలను అదుపులో పెడతారు. కొల్లేటిలో మనవాళ్లూ తిండి తగ్గించి, కిక్కిరిసేలా ఉంచి ఏడాది పిల్లలను కుదించి ఉంచుతారు. కానీ అది తర్వాత వదిలినప్పుడు త్వరగా బరువెక్కడానికి. ఇక్కడ కుదించడమే సరుకు.

ఆ మాట ఫోనులో చెబితే నాన్న, “మరి పక్షులు?” అన్నారు. సరిగ్గా అడిగారు. చలికాలంలో నీటికాకులు, గూడబాతులు గుంపులుగా దిగుతాయి. కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రంలో మనం గూడబాతులను చూడటానికి వెళతాం. ఇక్కడి రైతుకు అవి చెరువులోని డబ్బును మింగే పక్షులు. పైగా చిన్న చేప గొంతులో ఇట్టే దిగిపోతుంది.

తిరుగు దారిలో డార్డనెల్ సరస్సు ఒడ్డున ఎర దుకాణంలో ఆగాను. డజను 3 డాలర్లు. దుకాణదారు చిన్న వలతో తోడి, లెక్కపెట్టి, పైన రెండు ఎక్కువే వేశారు. ఎందుకని అడిగితే, దారిలో రెండు చస్తాయి కదా అన్నారు. లోనోక్ నుంచి ఆక్సిజన్ పెట్టిన ట్యాంకు లారీలో వచ్చిన వాటిలో చచ్చినవి తన ఖాతాలోనేనట. ఎండ ముదిరే నెలల్లో తొట్టిలో నీరు చల్లబరచడానికయ్యే కరెంటు ఖర్చే ఆయనకు ఎక్కువ బాధ. నా బకెట్‌లో పద్నాలుగూ సాయంత్రం వరకు బతికే ఉన్నాయి.