స్పోర్ట్స్ కారుకు ముందు నంబర్ ప్లేట్: చిల్లు పెట్టడమా, టో హుక్‌కు బిగించడమా, టేప్‌తో అతికించడమా?

స్పోర్ట్స్ కారు ముక్కు మీద ప్లేటు పెట్టడానికి చదునైన చోటు దొరకడం కష్టం. బంపర్ కిందికి వాలి ఉంటుంది, రెండు పక్కలా వెనక్కి వంగి ఉంటుంది, మధ్యలో ఉన్న చోటంతా గాలి కోసం తెరిచిపెట్టిన గ్రిల్‌కే పోతుంది. అలాంటి చోట యూరప్ అయితే 520×110 మిల్లీమీటర్ల ప్లేటు, అమెరికా అయితే 305×152, మన దేశంలో అయితే 500×120 ప్లేటు కూర్చోబెట్టాలి. అందుకే చాలామంది ఓనర్లు కొత్త కారు డెలివరీ తీసుకునే ముందే షోరూంకు గట్టిగా చెబుతారు: "బంపర్‌కి చిల్లు పెట్టొద్దు, మేం చూసుకుంటాం."

అక్కడి నుంచి వెతుకులాట మొదలవుతుంది. టో హుక్ (ఆగిపోయిన కారును లాగే కొక్కెం) బ్రాకెట్టా, టేపా, గ్రిల్ క్లాంపా, అయస్కాంతమా? ఈ పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూశాక నాకు కలిగిన అభిప్రాయం ముందే చెబుతాను. రెండు చిన్న చిల్లుల గురించి మనం పడే భయం వాటి వల్ల జరిగే నష్టం కంటే చాలా పెద్దది. కారు అందం ఎంత ముఖ్యమో, బంపర్ లోపల ఏముందన్నదీ అంతే ముఖ్యం. పద్ధతిని ఎంచుకోవాల్సింది దాన్ని చూసే.

ముందు చట్టం సంగతి. చాలా దేశాలు ఒప్పుకున్న 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలో దేశాలు దాటి తిరిగే కారుకు ముందూ వెనకా రెండు చోట్లా నంబర్ ఉండాలని రాశారు. ప్లేటు చదునుగా ఉండాలి, నిలువుగా లేదా దాదాపు నిలువుగా ఉండాలి, కారు పొడవుకు అడ్డంగా సరిగ్గా లంబంగా ఉండాలి. పగటి వెలుగులో, ఆగి ఉన్న కారుకు ఎదురుగా 40 మీటర్ల దూరంలో నిలబడిన మనిషి ఆ నంబర్ చదవగలగాలి. స్థానిక నిబంధనలు తలా ఒక రకంగా ఉన్నా, సారం చాలాచోట్ల ఇదే. జపాన్ 2016లో ప్లేటు మీద కవర్లు వేయడాన్ని నిషేధించింది. 2021 అక్టోబర్ తర్వాత రిజిస్టరయ్యే కార్లకైతే ప్లేటు ఎంత కోణం దాకా వంగి ఉండొచ్చో కూడా నిర్ణయించింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లతో వస్తున్న హై సెక్యూరిటీ ప్లేట్లకు ఒకసారి బిగించాక మళ్లీ పనికిరాని స్నాప్ లాక్‌లు ఉంటాయి, కాబట్టి ఊడదీసి పెట్టుకునే ఆలోచన మొదటే పక్కన పెట్టేయాలి. అమెరికాలో మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫ్లోరిడా, పెన్సిల్వేనియా లాంటి చోట్ల వెనక ప్లేటు చాలు. ఒహాయో 2020 జులైలో ముందు ప్లేటు అవసరం తీసేసింది. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో రెండూ ఉండాల్సిందే.

గమనించండి, వియన్నా ఒప్పందంలోని ఈ నియమాల్లో ప్లేటు కచ్చితంగా మధ్యలోనే ఉండాలన్న మాట లేదు. ఆల్ఫా రోమియో ఏళ్ల తరబడి చాలా మోడళ్లలో ప్లేటును పక్కకు జరిపే అమ్మింది. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్‌లో ఇంటర్‌కూలర్‌కు (టర్బో ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే భాగం) గాలి దక్కాలని ప్లేటును ఒక పక్కకు పంపారు. పక్కన ఉండటం తప్పు కాదు. వంకరగా ఉండటం, పైకి చూస్తూ ఉండటం, ఊగుతూ ఉండటం తప్పు. అయినా మీ ప్రాంతపు నిబంధన ఒకసారి చదువుకోవడం మంచిది.

ఇక మొదటి పద్ధతి, కంపెనీ ఇచ్చే బ్రాకెట్‌ను బంపర్‌కు స్క్రూలతో బిగించడం. ఇందులో మేలు ఏమిటంటే, ఆ బ్రాకెట్ ఆ బంపర్ వంపుకు సరిపోయేలా అచ్చు పోసినది. బంపర్ వాలుగా ఉన్నా ప్లేటు నిలువుగా నిలబడుతుంది. కారును పరీక్షించినప్పుడు ఇంజినీర్లు రాడార్, సెన్సర్లు, గాలి దారులు అన్నీ ఆ బ్రాకెట్‌ను దృష్టిలో పెట్టుకునే చూసి ఉంటారు. ప్లేటు మీద పడే గాలి ఒత్తిడి ఒకే చోట పడకుండా పంచుకుపోతుంది, కాబట్టి ఊగదు, గిలగిల శబ్దం రాదు.

ఈ ఒత్తిడి ఎంతో ఒకసారి లెక్క వేసుకోవాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 520×110 ప్లేటును గాలి సుమారు రెండున్నర కిలోల బరువంత బలంతో వెనక్కి తోస్తుంది. వేగం రెట్టింపయితే తోపు నాలుగు రెట్లు అవుతుంది, అంటే 200 దగ్గర పది కిలోలు దాటుతుంది. మిగతా కార్లకు 200 ఊసే ఉండదు కాబట్టి ప్లేటు ఎలా బిగించినా నడిచిపోతుంది. స్పోర్ట్స్ కారుకు అలా నడవదు.

చిల్లు భయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బంపర్ పైతొడుగు చాలావరకు పాలీప్రొపిలీన్ రకం ప్లాస్టిక్. ఇనుము కాదు కనుక చిల్లు పెట్టిన చోట తుప్పు పట్టదు. చాలా కార్లలో తొడుగు లోపలి వైపు చిన్న గుంట గుర్తులు ఉంటాయి, ఎక్కడ డ్రిల్ చేయాలో కంపెనీయే చూపించిన చోట్లు అవి. పని పద్ధతిగా చేస్తే ఇలా సాగుతుంది. ముందు బంపర్ మీద మాస్కింగ్ టేప్ అతికించి, దాని మీద బ్రాకెట్ పెట్టి, బానెట్ అంచు నుంచి రెండు పక్కలా కొలిచి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. సన్నని బిట్‌తో, నెమ్మదిగా, లోపలికి రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగకుండా బిట్‌కు స్టాపర్ వేసుకుని మొదటి చిల్లు పెట్టాలి. వెనక ఏముందో తెలియకుండా డ్రిల్ లోపలికి నొక్కితే సెన్సర్ వైరు తెగొచ్చు, రేడియేటర్‌కు తగలొచ్చు. తర్వాత అంచులు శుభ్రం చేసి, చిల్లు చుట్టూ టచప్ పెయింట్ పూసి, స్క్రూ కింద నైలాన్ వాషర్ వేసి, ప్లాస్టిక్ నలగకుండా చేత్తోనే బిగించాలి. పవర్ డ్రైవర్‌తో బిగిస్తే అక్కడే మర చెడుతుంది.

ఇబ్బంది లేదని కాదు. రేపు ముందు ప్లేటు అక్కర్లేని చోటికి వెళ్తే ఆ చిల్లులు కనిపిస్తాయి. పూడ్చాలంటే ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి, బంపర్ మొత్తానికి రంగు వేయాలి. మెటాలిక్ రంగులకు పక్క ప్యానెళ్లతో రంగు కలపడం పెయింటర్‌కు నిజంగా కష్టమైన పని. బంపర్ కార్బన్ ఫైబర్‌దైతే ఈ పద్ధతి గురించి నేను మాట్లాడను, దాని జోలికి డ్రిల్ పోకూడదు. పోగులు చీలతాయి, అంచు నుంచి తేమ లోపలికి దిగుతుంది.

రెండోది టో హుక్ బ్రాకెట్. కారు ఆగిపోతే లాగడానికి కొక్కెం బిగించుకునే మర ఒకటి ముందు బంపర్‌లో చిన్న మూత వెనక ఉంటుంది. ఆ మరలోకి ఒక రాడ్ తిప్పి, దాని చివర ప్లేటు పెట్టుకునే పలక బిగిస్తారు. చిల్లు ఉండదు, మరక ఉండదు, ఎప్పుడైనా తీసేసి మూత పెట్టేయొచ్చు. లీజు కారుకు, ట్రాక్‌కు తీసుకెళ్లే కారుకు, ఎక్కువ కాలం ఉంచుకోని కారుకు ఇది నిజంగా మంచి పరిష్కారం. ప్లేటు పక్కకు వెళ్తుంది కాబట్టి మధ్యలోని గాలి దారి కూడా తెరిచే ఉంటుంది. కొన్ని పోర్షే 911 మోడళ్లలో లాగా ముందు మధ్యలో రేడియేటర్ ఉన్న కార్లకు ఇది చిన్న లాభం కాదు.

కానీ ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది, దాన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. ప్లేటంతా ఒకే రాడ్ చివర వేలాడుతుంది. గాలి తోపూ, రోడ్డు గతుకులూ కలిసి ఆ మరను కొద్దికొద్దిగా వదులు చేస్తాయి. వదులైతే ముందు ప్లేటు ఒక పక్కకు ఒరుగుతుంది, తర్వాత తిరుగుతుంది. మర వదులు కాకుండా పట్టి ఉంచే లాక్ నట్ లేని బ్రాకెట్ ఎంత అందంగా ఉన్నా కొనొద్దు. నట్ ఉన్నా దాన్ని పానాతో బిగించాలి, చేత్తో కాదు. కొన్ని కార్లలో ఈ మర ఎడమ వైపు తిరిగేది ఉంటుంది, అలవాటు కొద్దీ కుడి వైపు తిప్పి బలవంతం చేస్తే మర పోతుంది. అది పోతే అవసరం పడ్డ రోజు కారును లాగడానికి కొక్కెం ఎక్కదు.

ఇంకో విషయం. బంపర్ మూల వెనక్కి వంగి ఉంటుంది కదా, చాలామంది ప్లేటును ఆ వంపు వెంట కలిసిపోయేలా తిప్పుతారు. ఫొటోలో బావుంటుంది. కానీ అప్పుడు ప్లేటు రోడ్డుకు కాకుండా పక్క లేన్‌కు మొహం పెట్టి ఉంటుంది. పోలీసులు ఆపేది ఇలాంటివే. ప్లేటు ఎదురుగా చూసేలా పెట్టాలి, దానికోసం ఒక చివర బంపర్ నుంచి కాస్త బయటికి పొడుచుకొచ్చినా సరే. అలా పొడుచుకొచ్చిన అంచుకు రబ్బరు బీడింగ్ వేయండి, దారిన పోయే మనిషి మోకాలికి తగిలేది అదే.

రాడార్ సంగతి ఈ రెండు పద్ధతులకూ వర్తిస్తుంది. అడాప్టివ్ క్రూజ్ (ముందున్న బండిని బట్టి వేగం తనే మార్చుకునే ఏర్పాటు), ఆటోమేటిక్ బ్రేకింగ్ ఉన్న కార్లలో రాడార్ చాలాసార్లు కింది గ్రిల్‌లోనో, లోగో వెనకో ఉంటుంది. దాని ముందు అల్యూమినియం ప్లేటు పెడితే కిరణాలు ముందుకు పోవు. డ్యాష్‌బోర్డులో హెచ్చరిక వచ్చి, బ్రేకింగ్ సాయం ఆగిపోతుంది. పార్కింగ్ సెన్సర్ల దగ్గర ప్లేటు అంచు వస్తే ఎదురుగా ఏమీ లేకున్నా అదేపనిగా మోగుతాయి. అందుకే ప్లేటు ఎక్కడ పెట్టాలో ఎంచుకునే ముందు యజమాని మాన్యువల్‌లో సెన్సర్ల బొమ్మ తీసి చూడండి. బ్రాకెట్ ఏదైనా ఈ పని మాత్రం తప్పదు.

మూడోది టేప్. మంచి యాక్రిలిక్ ఫోమ్ టేప్ చాలా బలమైనది, దాన్ని తక్కువ అంచనా వేయను. కార్ల మీద లోగోలు, పక్క పట్టీలు అలాంటి టేపుతోనే నిలుస్తాయి. అయితే దానికి కావలసినవి మూడు: చదునైన చోటు, పూర్తిగా శుభ్రమైన ఉపరితలం, సమయం. ఐసోప్రొపిల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడవాలి. చలిలో అతికించకూడదు. పట్టు పూర్తిగా రావడానికి గది వేడిలో 72 గంటలు పడుతుంది. అతికించిన రోజే హైవే ఎక్కితే పట్టు రాకముందే దాన్ని పరీక్షించినట్టు. సిరామిక్ కోటింగ్, మైనం ఉన్న పెయింట్‌కు టేపు సరిగా పట్టదు. రంగు వేయని నల్ల ప్లాస్టిక్ గ్రిల్‌కైతే ముందుగా పట్టు కోసం పూసే ప్రైమర్ లేనిదే అసలే పట్టదు.

స్పోర్ట్స్ కారు బంపర్ వంపు తిరిగి ఉంటుంది, ప్లేటు చదునుగా ఉంటుంది. మధ్యలో తగులుతుంది, చివర్లు లేచి ఉంటాయి. చివర్లు తగలాలని ప్లేటును వంచితే, అది తిరిగి చదునుగా లేవాలని ప్రతి నిమిషం టేపును లాగుతూనే ఉంటుంది. ఎండకు బంపర్ వేడెక్కిన రోజు ఆ లాగుడు గెలుస్తుంది. పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ (రంగు దెబ్బతినకుండా అతికించే పారదర్శక పొర) వేసిన కారుకు మరో చిక్కు ఉంది: టేపు తీసేటప్పుడు దాంతోపాటు ఫిల్మ్ కూడా లేచి వస్తుంది. చిల్లు పడకూడదని మొదలుపెట్టి చివరికి ముందు ఫిల్మ్ మొత్తం మార్చుకోవాల్సి వస్తుంది. తీయాల్సి వస్తే హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబరిచి, చేపల గాలపు దారంతో అటూ ఇటూ కోస్తూ తీయాలి, చాకుతో కాదు.

గ్రిల్ క్లాంపులు జాలీ గట్టిగా ఉన్న కొన్ని కార్లకు సరిపోతాయి. సన్నటి ప్లాస్టిక్ జాలీకి బిగిస్తే గ్రిల్లే విరుగుతుంది. అయస్కాంతం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, ప్లాస్టిక్ బంపర్‌కు అది పట్టదు. స్విచ్ నొక్కితే మడుచుకునే ప్లేట్లు, డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే ప్లేట్లు, రంగు కవర్లు, బంపర్ మీద సొంతంగా అచ్చువేసి అతికించుకునే స్టిక్కర్లు ఈ పోలికలోకే రావు. గుర్తింపు దాచడానికి పనికొచ్చే దేన్నీ నేను సమర్థించను. ఆ కారు ఎవరినైనా గుద్ది వెళ్లిపోతే, దెబ్బతిన్న మనిషికి దొరికే ఆధారం ఆ నంబరే.

ఏది మేలంటే, కారు మీదే, కొన్నేళ్లు ఉంచుకుంటారు, ముందు ప్లేటు తప్పనిసరి అయిన చోటే ఉంటారు అనుకుంటే కంపెనీ బ్రాకెట్ పెట్టించేయండి. టెన్షన్ అక్కడితో తీరిపోతుంది. లీజు కారైనా, ట్రాక్ అలవాటున్నా, మధ్యలో రాడారో రేడియేటరో ఉండి కంపెనీ బ్రాకెట్ కూడా దానికి అడ్డమొస్తున్నా, బంపర్ కార్బన్‌దైనా టో హుక్ బ్రాకెట్ తీసుకోండి, లాక్ నట్ ఉన్నది, కోణం మార్చుకోగలిగేది. టేపును ఒంటరిగా నమ్మకండి. బ్రాకెట్ వెనక శబ్దం రాకుండా చిన్న ముక్కలుగా వాడితే మాత్రం చాలా బాగా పనిచేస్తుంది.

ఏది బిగించినా ఆ రోజే చేయాల్సిన పని ఒకటుంది. కారును సమతలంగా ఉన్న చోట ఆపి, ఎదురుగా 40 మీటర్లు నడిచి వెనక్కి తిరిగి చూడండి. నంబర్ తడుముకోకుండా చదవగలిగితే సరే. లేకపోతే కోణం సరిచేయండి. మొదటి హైవే ప్రయాణం అయ్యాక ప్లేటు అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. కదిలిందంటే పానా తీయాల్సిందే.