సంక్షోభంలో ఏ సాయం మేలు: వడ్డీ కోతా, అప్పుకు హామీయా, జీతంలో వాటాయా, చేతికి నగదా?

ఆర్థిక సంక్షోభం మాట వచ్చినప్పుడల్లా పాఠకులు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. కేంద్ర బ్యాంకు వడ్డీ తగ్గించి, బ్యాంకులకు కావలసినంత డబ్బు అందిస్తే సరిపోదా, ప్రభుత్వం అప్పు చేసి మరీ ఎందుకు ఖర్చు పెట్టాలి అని. ఇంకొందరిది దీనికి సరిగ్గా ఎదురు ప్రశ్న. జనం చేతికి నేరుగా నగదు ఇస్తే పోయేదానికి ఇన్ని రుణ పథకాలు ఎందుకని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. పరపతి విధానమంటే ఏమిటో, ద్రవ్యలోటంటే ఏమిటో మీకు తెలిసినవే కాబట్టి ఆ పాఠం జోలికి వెళ్లను. 2008 ఆర్థిక సంక్షోభంలోనూ 2020 కొవిడ్ కాలంలోనూ ఏం జరిగిందో చూసి, ఏది మేలో తేల్చుకుందాం.

ఇలాంటి పోలికలు చాలావరకు ప్యాకేజీ ఎన్ని లక్షల కోట్లు, జాతీయాదాయంలో ఎంత శాతం అన్న లెక్కతో మొదలవుతాయి. ఆ లెక్క అవసరమే, కానీ నేను ముందు చూసేది మరొకటి. పైన నిర్ణయం జరిగాక, ఆదాయం పోయిన ఇంటికి ఆ డబ్బు చేరేలోపు మధ్యలో ఎంతమంది ‘సరే’ అనాలి? అలా అనవలసిన ప్రతి ఒక్కరూ దాన్ని ఆపగలిగినవారే. నా దృష్టిలో పథకం గెలుపోటములు తేలేది అక్కడే.

ముందుగా కేంద్ర బ్యాంకు. వేగంలో దానికి సాటి లేదు. చట్టసభ సమావేశం కావాల్సిన పని లేదు, బిల్లు పాసవ్వక్కర్లేదు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2020 మార్చి 3న అర శాతం, అదే నెల 15న మరో శాతం తగ్గించి వడ్డీ రేటును దాదాపు సున్నాకు తెచ్చింది. బ్యాంకుల మీదే నమ్మకం పోయి, ఒకరికొకరు అప్పివ్వడం మానేసిన రోజున ఆ భయాన్ని ఆపగలిగేది కూడా కేంద్ర బ్యాంకే. 2012 జులైలో, యూరోను కాపాడటానికి ఏం చేయడానికైనా సిద్ధమని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అధ్యక్షుడు మారియో ద్రాగీ ప్రకటించాక ఇటలీ, స్పెయిన్ బాండ్ల (ప్రభుత్వ అప్పు పత్రాల) మీద వడ్డీలు దిగివచ్చాయి. ఆ తర్వాత సిద్ధం చేసిన బాండ్ల కొనుగోలు పథకాన్ని వాడవలసిన అవసరమే రాలేదు. 1930ల మొదట్లో ఇలాంటి అండ అందక అమెరికాలో వేల బ్యాంకులు మూతపడ్డాయని గుర్తుంటే, దీని విలువ తెలుస్తుంది.

అయితే భయం ఆగినంత మాత్రాన ఆదాయం తిరిగి రాదు. 2020 మార్చి 27న మన రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 5.15 నుంచి 4.40 శాతానికి తగ్గించింది. బ్యాంకులు డిపాజిట్లలో తన దగ్గర ఉంచాల్సిన వాటాను, అంటే నగదు నిల్వల నిష్పత్తిని 4 నుంచి 3 శాతానికి దించింది. బ్యాంకుల దగ్గర డబ్బుకు కొదవ లేకుండా పోయింది. ఏప్రిల్ 15 నాటికి అవి రివర్స్ రెపో కింద తిరిగి రిజర్వ్ బ్యాంకు దగ్గరే దాచుకున్న మొత్తం 6.9 లక్షల కోట్ల రూపాయలు. మరో రెండు రోజులకు, అలా దాచుకున్న డబ్బుకు ఇచ్చే వడ్డీ అయిన రివర్స్ రెపో రేటును 3.75 శాతానికి తగ్గిస్తూ గవర్నర్ శక్తికాంత దాస్ స్వయంగా చెప్పిన అంకె ఇది. బయటికి వెళ్లాలని వదిలిన డబ్బు సాయంత్రానికి ఇల్లు చేరుకుంటోందన్నమాట.

ఇందులో బ్యాంకులను తప్పుపట్టలేం. వాటి దగ్గరున్నది డిపాజిటర్ల సొమ్ము. రేపు అమ్మకాలు ఉంటాయో ఉండవో తెలియని వ్యాపారికి దాన్ని ఇమ్మంటే వెనకాడటం వాటి బాధ్యతే. వడ్డీ కోత ఫలించాలంటే బ్యాంకు ఇస్తాననాలి, వ్యాపారి తీసుకుంటాననాలి, తీసుకున్నాక పనివాళ్లను ఉంచుకుంటాననాలి. మూడు సరేలు. సంక్షోభంలో మూడింటికి మూడూ అనుమానమే. ఈలోగా చౌక డబ్బు సులువైన దారి వెతుక్కుంటుంది. 2020 ఆగస్టుకల్లా అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 సంక్షోభానికి ముందున్న గరిష్ఠ స్థాయిని దాటేసింది. అదే నెలలో అక్కడ నిరుద్యోగం ఇంకా 8 శాతం పైనే ఉంది. షేర్లు ఉన్నవారికి సాయం ముందుగా అందింది, జీతం మీద బతికేవారు ఎదురుచూస్తూ ఉండిపోయారు.

రెండోది రుణ హామీ. అప్పు మునిగితే నష్టం నేను భరిస్తానని ప్రభుత్వం అనడంతో బ్యాంకు భయం తీరుతుంది. భారత్‌లో చిన్న వ్యాపారాల కోసం 2020 మేలో ప్రకటించిన 3 లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ పథకం ఈ కోవలోదే. పాత అప్పు బాకీలో 20 శాతం వరకు కొత్త అప్పు, నూటికి నూరు శాతం హామీ, అదనపు తనఖా లేదు. బ్యాంకుకు అప్పటికే తెలిసిన ఖాతాదారుకే ఇవ్వడంతో ఇది బాగానే కదిలింది, తర్వాత పరిమితిని కూడా పెంచారు. కానీ అంతకుముందు అప్పే లేనివారికి ఇందులో చోటు లేకపోయింది.

చిన్న, మధ్యతరహా సంస్థల కోసం ఫెడరల్ రిజర్వ్ నడిపిన మెయిన్ స్ట్రీట్ రుణ పథకానికి ఇంకో రకం చిక్కు వచ్చింది. దాని సామర్థ్యం 60,000 కోట్ల డాలర్లు. 2021 జనవరిలో మూసేసే నాటికి ఇచ్చిన అప్పులు సుమారు 1,750 కోట్ల డాలర్లు. కనీస రుణ మొత్తాన్ని దఫదఫాలుగా తగ్గించినా లాభం లేకపోయింది. నష్టంలో కొంత వాటా మోయవలసిన బ్యాంకులు ఉత్సాహం చూపలేదు. గిరాకీ ఎప్పుడు తిరిగి వస్తుందో తెలియని యజమాని కొత్త బరువు నెత్తిన పెట్టుకోవడానికి సిద్ధపడలేదు. వడ్డీ ఎంత తక్కువైనా అసలు కట్టాల్సిందే కదా! పోయిన ఆదాయాన్ని అప్పు భర్తీ చేయదు, ఆ లోటును రేపటికి జరుపుతుందంతే. కిస్తీల వాయిదాదీ ఇదే వరస. ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

మూడోది జీతంలో వాటా. మనసు ఇటు మొగ్గకుండా ఉండటం కష్టం. జర్మనీలో దీన్ని ‘కుర్ట్సార్‌బైట్’ అంటారు. పని తగ్గిన సంస్థ మనిషిని తీసేయకుండా పని గంటలు తగ్గిస్తుంది. కోత పడిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ భరిస్తుంది. 2020లో ఎక్కువ నెలలు ఇలా గడిపినవారికి ఈ వాటాను 80, 87 శాతాల దాకా పెంచారు. ఆ ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షల మంది ఈ పథకంలో ఉన్నారు. అదే నెలలో అమెరికాలో నిరుద్యోగం 14 శాతం దాటగా, జర్మనీలో పెరుగుదల రెండు శాతం పాయింట్లకు కూడా చేరలేదు. మనిషి పేరు సంస్థ పుస్తకాల్లో అలాగే ఉంటుంది, నేర్చుకున్న పని పోదు, గిరాకీ తిరిగి రాగానే మళ్లీ మనుషులను వెతుక్కోనక్కర్లేదు. మధ్యలో సరే అనవలసినది ఒక్క యజమానే. నైపుణ్యమున్న మనిషిని ప్రభుత్వ ఖర్చుతో నిలుపుకోవడం అతనికీ లాభమే కాబట్టి ఆ సరే సులువుగానే వస్తుంది.

యజమాని చేతిలో డబ్బు పెట్టే పథకాలన్నీ ఇలా పనిచేస్తాయని అనుకోకూడదు. అమెరికా పేచెక్ రక్షణ పథకంలో జీతాలకు వాడితే మాఫీ అయ్యే అప్పులు ఇచ్చారు. మొదటి విడత 34,900 కోట్ల డాలర్లు 13 రోజుల్లో అయిపోయాయి. బ్యాంకుతో ముందే పరిచయమున్న సంస్థలు వరుసలో ముందు నిలిచాయి. ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్, ఆయన సహ పరిశోధకులు లెక్కగట్టి చూస్తే, లేకపోతే ఉద్యోగం పోయి ఉండే పనివాళ్లకు చేరింది పథకం సొమ్ములో సుమారు పావు నుంచి మూడో వంతు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం యజమానులకు, వాటాదారులకు వెళ్లింది. జర్మనీలో లెక్క గంటల మీద ఉంది, నిజంగా తగ్గిన పనికే డబ్బు. అమెరికా పథకంలో అంత నిక్కచ్చి లేదు.

కుర్ట్సార్‌బైట్‌కూ ఒక హద్దుంది. ఉపాధి బీమా చందా కట్టే ఉద్యోగికే అది వర్తిస్తుంది. జర్మనీలోనే ‘మినీ జాబ్’ అనే తక్కువ జీతపు చిన్న కొలువు చేసుకునేవారు దాని బయట ఉండిపోయారు. రోజు కూలీకి, తోపుడు బండి మీద అమ్ముకునేవారికి, ఇళ్లలో పనిచేసేవారికి జీతపు చీటీ ఎక్కడుంటుంది? ప్రపంచంలో పనిచేసేవాళ్లలో సగానికి పైగా అసంఘటిత రంగంలోనే ఉన్నారు. వారి సంగతి తేల్చని పథకం ఎంత పొందికగా ఉన్నా అది కొందరి పథకమే.

అందుకే నా మొగ్గు చేతికి నగదు వైపు. ఇక్కడ సరే అనవలసినది ఒక్క జాబితా. ఆ జాబితా బాగుంటే ఇంత వేగంగా, ఇంత సూటిగా చేరే సాయం మరొకటి లేదు. అమెరికాలో 2020 మార్చి 27న చట్టమైన 1,200 డాలర్ల సాయం, పన్నుల శాఖ దగ్గర ఖాతా నంబర్లున్నవారికి మూడు వారాల్లోపే పడటం మొదలైంది. నంబరు లేనివారు చెక్కు కోసం వారాల తరబడి చూశారు. జపాన్ ప్రతి నివాసికీ లక్ష యెన్లు ప్రకటించింది కానీ, ఆన్‌లైన్ దరఖాస్తులను పురపాలక సిబ్బంది కళ్లతో సరిచూడాల్సి వచ్చి, కొన్నిచోట్ల వాటిని ఆపేసి తపాలాలో పంపమన్నారు. సంపన్న దేశంలో ఈ అవస్థ!

పశ్చిమ ఆఫ్రికాలోని చిన్న దేశం టోగో చేసినది చూడండి. కొద్దికాలం ముందే ఎన్నికలు జరగడంతో ఓటర్ల జాబితా తాజాగా ఉంది, అందులో వృత్తి, నివాసం నమోదై ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో మొదలైన ‘నోవిసీ’ పథకంలో మామూలు ఫోను నుంచే ఒక కోడ్ నొక్కి, ఓటరు కార్డు వివరాలు ఇస్తే చాలు. అర్హత సరిపోతే నగదు మొబైల్ ఖాతాలోకి వచ్చేది. స్త్రీలకు పురుషులకన్నా కొంచెం ఎక్కువ ఇచ్చారు. దరఖాస్తు కాగితం లేదు, బ్యాంకు మేనేజరు లేడు, యజమాని సంతకం లేదు.

నగదు మీద గట్టి అభ్యంతరం ధరలు. 2021 మార్చిలో అమెరికా మరో 1.9 లక్షల కోట్ల డాలర్ల చట్టం చేసి, మనిషికి 1,400 డాలర్లు ఇచ్చింది. అప్పటికే ఆర్థిక వ్యవస్థ కోలుకుంటోంది. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. ఆ చట్టం మోతాదు మించిందన్న విమర్శను నేను ఒప్పుకుంటాను. అయితే అంత పెద్ద ఎత్తున చెక్కులు పంచని యూరో దేశాల్లోనూ అదే ఏడాది అక్టోబరులో ద్రవ్యోల్బణం 10 శాతం దాటింది. సరఫరా చిక్కులు, ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఎగిసిన ఇంధన ధరల వాటాను మరిచిపోయి నేరమంతా చెక్కుల మీద వేయడం సరికాదు.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జర్మనీ 2020 జులై నుంచి ఆరు నెలలు వ్యాట్‌ను 19 నుంచి 16 శాతానికి తగ్గించింది. పన్ను కోత ఎక్కువ కొనేవారికి ఎక్కువ మిగులుస్తుంది. చైనా 2008లో ప్రకటించిన 4 లక్షల కోట్ల యువాన్ల తరహా నిర్మాణ పనులు ఉపాధినిస్తాయి, కానీ సిద్ధంగా లేని పనుల డబ్బు అక్కరకు వచ్చేసరికి కాలం గడిచిపోతుంది.

నా వరుస ఇది. భయం పుట్టిన వారంలో కేంద్ర బ్యాంకు. నెల తిరిగేలోపు అందరికీ నగదు. జీతపు చీటీ ఉన్నచోట దానికి తోడు పని గంటల సాయం. రుణ హామీ చివర, కోలుకుంటున్న వ్యాపారానికి. నగదులో మిగిలిన ఒకే ఒక్క పెద్ద సరే చట్టసభది, మోతాదు తప్పేదీ ఆలస్యమయ్యేదీ అక్కడే. దీనికి అమెరికా ఆర్థికవేత్త క్లాడియా సామ్ 2019లో ఒక దారి చూపారు. మూడు నెలల సగటు నిరుద్యోగం, అంతకుముందు ఏడాదిలోని కనిష్ఠ సగటు కంటే అర శాతం పాయింటు పెరగగానే నగదు దానంతటదే విడుదలయ్యేలా ముందే చట్టం చేసి ఉంచాలన్నది ఆమె ప్రతిపాదన. నిరుద్యోగ లెక్క నెలనెలా నమ్మకంగా వచ్చే దేశాలకు ఇది వెంటనే సరిపోతుంది. పని పోయినా ఏదో ఒక కూలీ చేసుకోక తప్పని దేశాల్లో ఆ అంకె కష్టాన్ని పూర్తిగా చూపదు కాబట్టి, అక్కడ మరో సూచికను ఎంచుకోవాలి. 2020–21లో భారత గ్రామీణ ఉపాధి హామీ పథకంలో పని చేసిన కుటుంబాలు 7 కోట్లు దాటాయి. పని అడిగేవారు ఎప్పుడు, ఎక్కడ పెరుగుతున్నారన్న అలాంటి లెక్కను నగదు విడుదలకు సూచికగా పెట్టుకోవచ్చు.